వకీలుగారి మేడకు కోటకొమ్మలున్నాయా?

చిరంజీవి తమ్ముడికి,

కథ అందింది. బల్లార్షా బొగ్గుగని క్వార్టర్లలో పెరిగిన కుర్రాడు మహారాష్ట్ర చంద్రాపూర్‌లో వకీలుగారి మేడ ముందు చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక తచ్చాడే చోటు భలే కుదిరింది. కానీ ఆ మేడను ‘కాస్టెలేటెడ్ భవనం’ అన్నావే, అక్కడ నాకు బ్రేక్ పడింది.

కోటంత పెద్దదని నీ ఉద్దేశం. ఆ మాట సైజు చెప్పదు, ఆకారం చెబుతుంది. గోడ తలమీద ఒక దిమ్మె, ఒక సందు, మళ్లీ దిమ్మె, మళ్లీ సందు ఇలా పంటివరసలా ఉండాలి. దిమ్మె చాటున సైనికుడు నక్కుతాడు, సందులోంచి కొడతాడు. మనవాళ్లు కోటకొమ్మలన్నవి ఇవే. ఆ వరస లేకపోతే పది అంతస్తుల మేడకైనా ఆ మాట చెల్లదు. మెకానిక్ షెడ్డులో కాస్టెల్ నట్టు చూశావా? తలమీద గాట్లుంటాయి. గాట్లోంచి కాటర్ పిన్ను దూర్చి మడిస్తే బండి ఎంత కుదిపినా నట్టు వదులవదు. అరచేతిలో పట్టే ఆ నట్టుకు మాత్రం ఆ విశేషణం అక్షరాలా సరిపోతుంది!

మధ్యయుగాల ఇంగ్లండులో ఇంటిగోడకు ఇలాంటి కొమ్మలు పెట్టుకోవడానికి రాజుగారి దగ్గర లైసెన్సు తీసుకునేవారు. శత్రుభయం కంటే హోదా కోసం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. తర్వాత 18వ శతాబ్దంలో, ఎప్పుడో ఫిరంగులొచ్చి ఆ గోడలతో పనిలేకపోయినా, ఇంగ్లిష్ రచయిత హోరేస్ వాల్పోల్ లాంటివాళ్లు షోకుగా కట్టుకున్నారు. నీ కథకు పనికొచ్చేది ఇదే. వకీలుగారు పిట్టగోడకు కొమ్మలు పెట్టించాడనుకో, ఎవరికి చూపించడానికి? వకీలు కూలిడబ్బులు ఎగ్గొట్టిన మేస్త్రీ రోజూ ఆ వీధినే పోతుంటాడా? అది రాస్తే వకీలు గురించి నువ్వు విడిగా పేరా రాయక్కర్లేదు.

పైగా ఆ మాట కుర్రాడికి తెలియదు. వాడి కళ్లతో చూపిస్తూ మధ్యలో నీ డిక్షనరీ దూర్చకు. వాడికి కనిపించేది సందుల్లో కూర్చున్న పావురాలు, దిమ్మెలకు కట్టిన తాడుమీద ఆరేసిన చీర. అవి రాయి.

ఓ పూట చంద్రాపూర్ పాత కోటగోడ ద్వారం, జాట్‌పురా గేటుకు వెళ్లు. ట్రాఫిక్‌లో ఎవరూ తలెత్తి చూడరు గానీ, ఏనుగును అణచిన సింహం అక్కడ చెక్కి ఉంటుంది, అది గోండు రాజుల చిహ్నం. పక్కన పరకోట, అంటే ఊరి చుట్టూ కట్టిన కోటగోడ, పైవరస ఎక్కడ నిలిచిందో, ఎక్కడ రాలిందో నోటుబుక్కులో గీసుకో. ఫోటో తీసి జేబులో పెట్టుకుంటే లాభం లేదు.

ఇంకొకటి. వకీలుగారి అమ్మ అచ్చం విజయవాడ రేడియోలా మాట్లాడుతోంది. చంద్రాపూర్‌లో మూడు తరాలుగా ఉన్న ఇల్లు కదా, ఆవిడ నోట మరాఠీ ముక్క దొర్లకుండా ఉంటుందా? ఆ సీను, మేడ సీను మళ్లీ రాసి పంపు. మిగతాది ముట్టుకోకు.

ఆశీస్సులతో,
అన్నయ్య