నీళ్లలో దించే బండికి ముందు నిదానం నేర్పు

విజయవాడ

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నీళ్ల అడుగున తిరుగుతూ కెమెరాతో చూసే బండి చేస్తానని నువ్వు పంపిన బొమ్మ, సామాన్ల లిస్టు రెండూ చూశాను. పీవీసీ పైపు ఫ్రేము బాగానే ఉంది, దాని జోలికి వెళ్లను. మోటార్ల కంట్రోలు, కెమెరాని పైకీ కిందకీ వంచే ఏర్పాటు, ఈ రెండింటి గురించే చెప్తాను.

2024 సెప్టెంబరు వరదలో బోట్లు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలని (కౌంటర్ వెయిట్లు) గుద్దినప్పుడు, నీళ్ల అడుగున ఆ బోట్లను కోయడానికి డైవర్లని దించారు కదా, అది చూశాకే నీకీ ఆలోచన వచ్చిందని మీ అమ్మ చెప్పింది. మంచిదే. కానీ లిస్టులో డబ్బంతా ఎంత గట్టిగా తోస్తుందన్న దాని మీదే పెట్టావు. వరద తగ్గాక కూడా కృష్ణ నీళ్లు కొన్నాళ్లు ఎర్రగానే ఉంటాయి. అందులో కెమెరాకి మూరెడు దూరం కనబడితే గొప్ప. స్పీడుగా పోయే బండి ఎదురుగా ఏముందో చూసేలోపే దాన్ని గుద్దేస్తుంది. ఏది కొనబోయినా ముందు ఒక్కటే అడుగు: ఇది ఎంత మెల్లగా కదలగలదు?

మోటార్లకి రిలేలు, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చులు, వద్దు. నొక్కితే ఫుల్లు, వదిలితే సున్నా, మధ్యలో ఏమీ ఉండదు. పెద్ద చెరువులో సరదాగా తిప్పుకోవడానికైతే చాలు గానీ గోడ పక్కన నిలబెట్టి చూడటానికి పనికిరావు.

ఇక మోటార్లలో రెండు రకాలు: లోపల కార్బన్ ముక్కలు రాసుకుంటూ కరెంటు అందించే బ్రష్ మోటార్లు, అవి లేకుండా కంట్రోలరుతో తిరిగే బ్రష్‌లెస్ మోటార్లు. పడవలో చేరిన నీళ్లు తోడే 12 వోల్టుల బిల్జ్ పంపు మోటారు బ్రష్‌దే. రెండు వైర్లు, మెల్లగా తిప్పినా కుదుపుల్లేకుండా తిరుగుతుంది. దాని స్పీడు అదుపు చేయడానికి నువ్వు రాసుకున్న ఎల్298ఎన్ బోర్డు మాత్రం కొట్టెయ్. రెండు ఆంపియర్ల సరుకది, పైగా తనే ఇంచుమించు రెండు వోల్టులు తినేస్తుంది. ఫ్యానుకి గుర్రపుడెక్క వేళ్లు చుట్టుకుని మోటారు బిగుసుకుపోతే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది, బోర్డు తట్టుకోవాల్సింది ఆ కరెంటుని. మోటారుని చేత్తో పట్టుకుని ఆపి, క్షణం పాటు డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెట్టి చూడు. ఆ అంకెకి రెట్టింపు తట్టుకునే బోర్డు తీసుకో. బీటీఎస్7960 బోర్డు మీద 43 ఆంపియర్లని రాసి ఉంటుంది, అంతా నమ్మకు, కానీ నీ అవసరానికి ధారాళంగా సరిపోతుంది. మోటారు రెండు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటరు ఒకటి అతికించి, వైర్లు మెలిపెట్టు. అది లేకపోతే మోటారు తిరిగినప్పుడల్లా కెమెరా బొమ్మ మీద గీతలు పడతాయి.

బ్రష్‌లెస్ మోటారుని నేరుగా నీళ్లలో దించొచ్చంటే నమ్మలేదని రాశావు. నేను రోజూ చుట్టే బోరు మోటార్లు నీళ్లు నింపుకునే తిరుగుతాయిరా, వైరు మీద పూత గట్టిగా ఉంటే చాలు. ముందు పాడయ్యేది బేరింగే. అసలు తంటా కంట్రోలరుతో. డ్రోన్ల ఈఎస్‌సీలు, అంటే మోటారు స్పీడు కంట్రోలర్లు, మామూలుగా ఒక వైపే తిప్పుతాయి, నీకు ముందుకీ వెనక్కీ రెండు వైపులా తిప్పేది కావాలి. అందులో 1500 మైక్రోసెకన్ల సిగ్నల్ అంటే ఆగమని. దాని చుట్టూ కొంత మేర ఏమీ జరగదు, ఆ మేర దాటగానే మోటారు గబుక్కున అందుకుంటుంది. సెన్సర్లు లేని బ్రష్‌లెస్‌కి బాగా తక్కువ స్పీడులో రోటారు (మోటారులో తిరిగే భాగం) ఎక్కడుందో కంట్రోలరుకి తెలియదు, అందుకే ఆ కుదుపు. కేవీ అంటే వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క; డ్రోను మోటార్లలాగా 2000 దాటిన కేవీ రేటింగువి కొనకు, నీళ్లలో 300 నుంచి 500 లోపు ఉన్నవే నయం. మొదటి బండికి బ్రష్ మోటారే పెట్టమంటాను. చౌక, పోతే ఇంకోటి.

ఏ మోటారైనా ప్రోగ్రాములో మూడు పనులు చెయ్యి. జాయ్‌స్టిక్ మొదటి సగం కదలికకి పావు వంతు స్పీడు కూడా రాకూడదు. ముందుకి పోతున్నది వెనక్కి తిరగాలంటే సున్నా దగ్గర కాస్త ఆగి తిరగాలి. పైనుంచి సిగ్నల్ అర సెకను రాకపోతే మోటార్లన్నీ వాటంతటవే ఆగిపోవాలి. బండిని కొద్దిగా తేలేలా బరువు చూసుకుంటే ఆగినా పైకొస్తుంది.

ఒడ్డు మీద బ్యాటరీ పెట్టి 30 మీటర్ల కేబుల్‌తో కరెంటు పంపుతానన్నావు. లెక్క వేద్దాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి కిలోమీటరుకి 12 ఓమ్‌లు. పోనూ రానూ 60 మీటర్లు, అంటే 0.72 ఓమ్. 10 ఆంపియర్లు లాగితే ఏడు వోల్టులు దారిలోనే పోయాయి. 12లో ఇంకేం మిగిలింది? బ్యాటరీని బండిలోనే పెట్టు, ఫ్యూజు మాత్రం మరిచిపోకు. కేబుల్‌లో సిగ్నల్ ఒక్కటే పోనీ.

ఇక కెమెరా. కెమెరా పెట్టే గొట్టం ముందు బల్లపరుపు అద్దం పెట్టి దాని వెనక కెమెరాని వంచుతానన్నావు. నీళ్ల వల్ల గాలిలో 90 డిగ్రీలు చూసే లెన్స్ ఆ అద్దం వెనకనుంచి 64 డిగ్రీలే చూస్తుంది. పైగా వంచేకొద్దీ ఏటవాలుగా చూస్తుంది, బొమ్మ అంచులు సాగిపోతాయి. గోపురం లాంటి డోమ్ పెడితే లెన్స్ సరిగ్గా డోమ్ కేంద్రంలో ఉండాలి, వంగేది కూడా ఆ కేంద్రం చుట్టూనే వంగాలి. కొద్దిపాటి తేడా ఉన్నా అంచులు వంకరపోతాయి. నీ చేతిలో ఉన్న పారదర్శకపు ఆక్రిలిక్ గొట్టంతోనే ఇంకో దారి ఉంది. దాన్ని బండికి అడ్డంగా పడుకోబెట్టు. కెమెరా గొట్టం ఇరుసు చుట్టూ తిరుగుతుంది గనక, కిందకి చూసినా పైకి చూసినా ఎదురుగా ఉండే ఆక్రిలిక్ వంపు ఒకటే. నాకైతే ఇదే నచ్చింది.

కెమెరాని వంచే చిన్న మోటారుకి, అంటే సర్వోకి, ప్లాస్టిక్ పళ్ల ఎస్‌జీ90 వద్దు, దాని పళ్ల మధ్య ఆట (వదులు) ఉంటుంది. దగ్గరి వస్తువుని చూసేటప్పుడు ఆ ఆటే బొమ్మని ఊపుతుంది. లోహపు పళ్ల ఎంజీ90ఎస్ తీసుకుని, కెమెరా బరువు ఇరుసు మీదే పడేలా బిగించు. సర్వోకి 5 వోల్టులు విడిగా ఇవ్వు. బండిలోని చిన్న కంప్యూటరు రాస్ప్‌బెర్రీ పైతో కలిపి ఇస్తే సర్వో గుంజినప్పుడల్లా అది రీస్టార్ట్ అవుతుంది. ఎంత వంగాలో చెప్పే పల్సుని రాస్ప్‌బెర్రీ పై నుంచి సాఫ్ట్‌వేరుతో ఇచ్చినా సర్వో వణుకుతుంది, ఆ పని ఆర్డుయినో అనే చిన్న కంట్రోలరు బోర్డుకి అప్పజెప్పు. కెమెరా రిబ్బను మడతపడకుండా ఒక చుట్టు వదులుగా ఉంచు.

పైకి 45, కిందకి 60 డిగ్రీలు వంగితే చాలు. పైకెందుకంటావేమో, బండి తేలేటప్పుడు నెత్తి మీద తాడో పడవో ఉందేమో చూడాలిగా! బటన్ నొక్కినంతసేపూ మెల్లగా వంగాలి, ఇంకో బటన్ నొక్కితే నేరుగా ముందుకి రావాలి. కోణం ఎంతో తెర మీద అంకెల్లో కనబడాలి. లేకపోతే కెమెరా కిందకి చూస్తున్న సంగతి మరిచిపోయి, బండే ముక్కు కిందకి పెట్టిందనుకుని పైకి లేపుతావు. లైట్లు కెమెరా పక్కనే బిగించకు, పొగమంచులో కారు హై బీమ్ వేసినట్టు బురద రేణువులే మెరుస్తాయి. ఫ్రేము రెండు చివర్లకీ జరిపి పక్కనుంచి వెలుగు పడనీ.

ముందు ఇంట్లో సంపులో దించు. బ్యారేజీ దగ్గరకి మాత్రం వెళ్లకు, గేట్ల వైపు నీళ్లు ఎలా లాగుతాయో నీ మోటార్లకి తెలియదు. చెరువులో దించాలన్నా యజమానిని అడిగి దించు.

ఆదివారం రా, ఆటోనగర్‌లో లేత్ మీద గొట్టానికి మూతలు తీయిద్దాం. మూతల్లోంచి నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు ఓ-రింగులు ముందే కొని తీసుకురా, గాడి ఎంత లోతు తీయాలో వాటి మందం కొలిచే చెప్పాలి.

ఇట్లు,
మావయ్య