ఉద్యోగం మానేసి, అప్పు చేసి కాలేజీలో చేరొచ్చా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను, సిటిజన్‌షిప్ ఉంది. వయసు 31. విడాకులయ్యాయి. పిల్లలకు 7, 4 ఏళ్లు, ఇద్దరూ నా దగ్గరే ఉంటారు. ఒక స్టోర్‌లో వారానికి 25 గంటలు పనిచేస్తాను, ఏడాదికి 19,500 డాలర్లు వస్తాయి. స్నాప్ (తిండి ఖర్చుకు ప్రభుత్వ సాయం), మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య బీమా), డేకేర్ సబ్సిడీ అందుతున్నాయి. మూడేళ్ల కిందట కమ్యూనిటీ కాలేజీలో చేరాను కానీ, కారు పాడవడంతో సెమిస్టర్ మధ్యలో మానేశాను. రిపేరు కోసం పేడే లోన్ (జీతం రాగానే తీర్చాల్సిన చిన్న అప్పు) కూడా తీసుకున్నాను. కాలేజీకి ఇంకా 1,100 డాలర్లు బాకీ. ఈసారి ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ నర్సింగ్ చదవాలనుకుంటున్నా. 18,000 డాలర్ల ప్రైవేటు లోన్‌కు తమ్ముడు కోసైన్ చేస్తానన్నాడు. ఏటా వచ్చే దాదాపు 9,000 డాలర్ల ట్యాక్స్ రీఫండ్‌తో దాన్ని తీర్చుకోవచ్చా?

జవాబు: చదవండి. తప్పకుండా చదవండి. ఈ ప్లాన్‌తో మాత్రం వద్దు.

మీరు కాలేజీ మానేసింది ఫీజు కట్టలేక కాదు, పాఠాలు అర్థం కాక కాదు. కారు ఆగిపోయింది, చేతిలో డబ్బు లేదు, అంతే. ఇప్పటి ప్లాన్‌లో ఫీజుంది, ఇంటి ఖర్చులున్నాయి, లోన్ ఉంది. మళ్లీ కారు ఆగితే ఏం చేస్తారో మాత్రం లేదు. చిన్నదానికి జ్వరమొచ్చి వారం రోజులు డేకేర్‌కు పంపలేకపోతే ఏం చేస్తారో కూడా లేదు. ప్రభుత్వ సాయంతో పిల్లల్ని పెంచుతూ చదవాలనుకునేవాళ్లు నాకు రాసే ప్రశ్నల్లో పదే పదే కనిపించే పొరపాటు ఇదే. అందుకే మీ ప్రశ్నకు ఇక్కడ జవాబిస్తున్నాను.

ఆ 1,100 ఎలా వచ్చి ఉంటుందో చూడండి. సెమిస్టర్‌లో 60 శాతం గడవకముందే మానేస్తే, మీకిచ్చిన ఫెడరల్ సాయంలో కొంత వెనక్కి వెళ్లిపోతుంది. ఆ లోటును కాలేజీ మీ పేరున రాస్తుంది. అంటే ఒక్క రిపేరు వల్ల సెమిస్టర్ పోయింది, పైగా బాకీ పడింది, పేడే లోన్ కూడా మెడకు చుట్టుకుంది. ఆ లోన్‌కు వంద డాలర్లకు రెండు వారాలకు 15 డాలర్ల ఫీజు అంటే చిన్న మొత్తంలా వినిపిస్తుంది. ఏడాది లెక్కన అది 400 శాతానికి దగ్గర. దయచేసి ఇంకెప్పుడూ ఆ గుమ్మం తొక్కకండి.

ఇక రీఫండ్. మీకు అంత పెద్దది రావడానికి ముఖ్య కారణం ఈఐటీసీ (తక్కువ ఆదాయంతో పనిచేసేవాళ్లకు ఇచ్చే పన్ను రాయితీ). అది సంపాదన మీద వచ్చే క్రెడిట్. ఇద్దరు పిల్లలుంటే సంపాదించే ప్రతి డాలరుకూ 40 సెంట్ల చొప్పున పెరుగుతూ, 2024 లెక్క ప్రకారం గరిష్ఠంగా 6,960 డాలర్ల దాకా వెళ్తుంది. సంపాదన సున్నా అయితే క్రెడిట్ కూడా సున్నా. పిల్లల పేరున వచ్చే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌లో, పన్ను బాకీ లేకపోయినా చేతికొచ్చే భాగానిదీ అదే పరిస్థితి. ఏ డబ్బుతో అప్పు తీర్చాలనుకున్నారో, ఉద్యోగం మానేస్తే ఆ డబ్బే రాదు. ప్రైవేటు లోన్‌లో, ఫెడరల్ లోన్‌కు ఉన్నట్టు ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గించుకునే హక్కు కూడా ఉండదు. మీరు కట్టలేకపోతే మీ తమ్ముడు కట్టాలి. ఆ కాగితం మీద అతని చేత సంతకం పెట్టించకండి.

మరి ఏం చేయాలి? వచ్చే రీఫండ్ రాగానే 3,000 డాలర్లు క్రెడిట్ యూనియన్‌లో (సభ్యులే నడుపుకునే సహకార బ్యాంకు లాంటిది) వేరే ఖాతాలో వేయండి. కాలేజీ ఫీజుకు గానీ, ఇంటి అద్దెకు గానీ, పిల్లల పుట్టినరోజుకు గానీ దాన్ని ముట్టుకోవద్దు. కారు, జ్వరం, పని గంటలు తగ్గిన నెల... వీటికే. ఈ ఎమర్జెన్సీ ఫండ్ చేతిలో లేకుండా క్లాసులో అడుగు పెట్టొద్దు. ఆరు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

"డబ్బు దాస్తే స్నాప్ తీసేస్తారు" అనే భయంతో చాలామంది రీఫండ్‌ను నెలలోపే ఖర్చు చేసేస్తారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. ఫెడరల్ డబ్బుతో నడిచే సాయాలకు అర్హత చూసేటప్పుడు ట్యాక్స్ రీఫండ్‌ను ఆదాయంగా లెక్కించరు. చేతికొచ్చిన 12 నెలల దాకా ఆస్తిగానూ లెక్కించరు. ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) నుంచి జమైనట్టు చూపే స్టేట్‌మెంట్ భద్రంగా ఉంచుకోండి. ఏడాది తర్వాత మీ రాష్ట్రంలో పరిమితి ఏమైనా ఉందా అని కేస్‌వర్కర్‌ను ముందే అడగండి. ఫెడరల్ గ్రాంటు వల్ల కూడా ఈ సాయాలు తగ్గవు.

రీఫండ్‌లో మిగిలినదాంట్లోంచి ఆ 1,100 తేల్చుకోండి. అది గ్రాంటు ఓవర్‌పేమెంట్‌గా (మీకు రావాల్సినదానికన్నా ఎక్కువిచ్చిన గ్రాంటుగా) నమోదై ఉంటే, తేలేదాకా కొత్త గ్రాంటు రాదు. వాయిదాలకు ఒప్పుకుంటారేమో కాలేజీని అడగడంలో తప్పులేదు. అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ, చిన్న బాకీ వల్ల చదువు ఆగిపోయే విద్యార్థులకు 2011 నుంచి తానే గ్రాంటు ఇస్తోంది. మీ కాలేజీలో అత్యవసర సాయం లాంటిది ఉందేమో కనుక్కోండి.

ఫీజు గురించి మీకు అంత టెన్షన్ అక్కర్లేదు. ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ, ఫెడరల్ పేదరిక రేఖకు 225 శాతం లోపు ఆదాయం ఉన్నవాళ్లకు గరిష్ఠ పెల్ గ్రాంటు (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ చదువు సాయం) వస్తుంది. 2025-26లో ఫుల్‌టైమ్‌కు అది 7,395 డాలర్లు. సగం కోర్సులే తీసుకుంటే గ్రాంటు ఆ మేరకు తగ్గుతుంది, కానీ జీవితంలో మొత్తం ఎంత పెల్ తీసుకోవచ్చన్న పరిమితి కూడా ఆ మేరకే ఖర్చవుతుంది. కాబట్టి ఉద్యోగం చేసుకుంటూ మెల్లగా చదివితే నష్టపోయేదేమీ లేదు. ఫాఫ్సా (ఫెడరల్ చదువు సాయానికి దరఖాస్తు) నింపాక ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి డేకేర్ ఖర్చును కూడా మీ బడ్జెట్‌లో చేర్చమని అడగండి. అడగకపోతే చాలాచోట్ల వాళ్లంతట వాళ్లు చేర్చరు.

కాలేజీ విద్యార్థుల్లో చాలామందికి స్నాప్ ఇవ్వకూడదనే ఆంక్ష, ఆరేళ్లలోపు పిల్లను చూసుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు మీకు అడ్డు కాదు. మీలా కాకుండా టాన్ఫ్ (పిల్లలున్న పేద కుటుంబాలకు, పని చేయాలన్న షరతుతో ఇచ్చే నగదు సాయం) తీసుకునేవాళ్లు ఒక సంగతి గమనించాలి: ఫెడరల్ లెక్కలో వృత్తి చదువు పని కింద చెల్లేది 12 నెలలే. మెయిన్ రాష్ట్రంలో మాత్రం, డిగ్రీ చదివే తల్లిదండ్రుల కోసం 1997లోనే వేరే పథకం పెట్టారు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు పెల్ దొరుకుతుంది, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల భార్య లేదా భర్త, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లకు దొరకదు.

ముందు సైన్స్, ఇంగ్లిష్ లాంటి ప్రీరిక్విజిట్ (నర్సింగ్‌లో చేరేముందు పూర్తి చేయాల్సిన) కోర్సులు ఒకటీ రెండూ తీసుకోండి, ఉద్యోగం వదలకండి. క్లినికల్స్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ) మొదలయ్యాక 25 గంటలు పనిచేయడం కష్టమే. అప్పటికి ఆ ఖాతాలో 5,000 కనిపిస్తే మళ్లీ రాయండి. గంటలు ఎన్ని తగ్గించుకోవచ్చో, ఫెడరల్ లోన్ ఎంతవరకు తీసుకోవచ్చో అప్పుడు లెక్క వేద్దాం.