లాక్‌డౌన్ నాటి ఖాళీ నెలలున్న పరిశోధన సమాచారాన్ని వాడుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ ప్రయోగశాలలో 2019–21 మధ్య పాడిపశువుల నుంచి సేకరించిన సమాచారాన్ని మీ సిద్ధాంత వ్యాసంలో వాడుకోమంటున్నారు. అందులో 2020లో నాలుగు నెలలు ఖాళీ. అది పనికివస్తుందా, పరీక్షకులు కొట్టిపారేస్తారా అని అడుగుతున్నారు.

పనికివస్తుంది. అయితే ఖాళీ ముగిశాక వచ్చిన మొదటి అంకెలను అనుమానించండి. ఎందుకో చెప్పాలంటే నా ఆవుల సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో నేను చెన్నైలో పశువైద్యంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా అంశం ఆవుల్లో బయటికి కనిపించని పొదుగువాపు. ఈ జబ్బులో పొదుగు వాయదు, పాలు విరగవు, ఆవు మేత మానదు. దిగుబడి మాత్రం మెల్లగా పడిపోతుంది. మిల్లీలీటరు పాలలో కణాల సంఖ్య 2 లక్షలు దాటితే లోపల ఏదో ఉందని అనుకుంటాం. తమిళనాడు–ఆంధ్ర సరిహద్దు దగ్గరి గుమ్మిడిపూండి చుట్టుపక్కల 38 ఆవులను ఎంచుకుని, ఈనినప్పటి నుంచి వట్టిపోయేదాకా పద్నాలుగు రోజులకొకసారి నాలుగు చన్నుల పాలూ విడివిడిగా తెచ్చి పరీక్షించాలన్నది ప్రణాళిక. ఆ సరిహద్దు ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. నాది నెల్లూరు జిల్లా కావడంతో పెరట్లోకి కూడా చనువుగా రానిచ్చేవారు.

2020 మార్చి 17న వెళ్లి వచ్చాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. తర్వాత జిల్లా దాటడానికి ఈ-పాస్ కావాలన్నారు. జూన్ 19 నుంచి చెన్నైలో మళ్లీ కట్టుదిట్టమైన ఆంక్షలు. తిరిగి ఆ ఊళ్లలో అడుగుపెట్టింది జూలై 7న. మధ్యలో ఏడు విడతలు పోయాయి. విడతకు 152 నమూనాల చొప్పున వెయ్యికి పైగా పోయినట్లే. ఆవు పాడికాలాన్ని 305 రోజులుగా లెక్కవేస్తాం. అందులో పోయిన వంద రోజులను వచ్చే ఏడాది తెచ్చి అతికించలేం, ఎందుకంటే అప్పటికి అది మరో ఈత. ప్రయోగశాలలో ఆగిన పనికీ పశువుల మీద ఆగిన పనికీ ఉన్న ఈ తేడా బయటివారికి ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

ఏప్రిల్ చివర్లో ఒక రైతు ఇల్లాలు ఫోన్ చేసింది. “డాక్టరు బాబూ, తెల్లావు ఎడమ వెనక చన్ను గట్టిగా తగులుతోంది” అంది. ఏం చేయాలో తోచక, ఇంట్లోనే చేసుకోగల ఒక పాత పరీక్ష చెప్పాను. అరలీటరు నీటిలో 15 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, ఆ నీళ్లూ పాలూ సమానంగా పోసి అర నిమిషం తిప్పితే, జబ్బు చన్ను పాలు జిగురులా చిక్కబడతాయి. ఆమె నాలుగు కొబ్బరి చిప్పలు వరసగా పెట్టి, ఒక్కో చన్ను పాలు ఒక్కో దాంట్లో పిండి, తిప్పి చూపించింది. వీడియోలో మూడు చిప్పల్లో పాలు నీళ్లలాగే కదిలాయి. నాలుగోదాన్ని వంచితే పాలు సాగి, తెల్లటి తీగలా చిప్ప అంచున వేలాడాయి. ఆ తర్వాత పన్నెండు ఇళ్లవారు పదిహేను రోజులకొకసారి ఇలాగే చేసి ఫోటోలు పంపారు. వాటిని ప్రయోగశాల ఫలితాలతో కలపలేదు, అనుబంధంలో విడిగా పెట్టాను. నా వ్యాసం మొత్తంలో నాకు ఇప్పటికీ అపురూపమైన పుటలు అవే.

ఇక జూలై 7. 38 ఆవుల్లో 27 మిగిలాయి. వాటి పాలు పరీక్షిస్తే జబ్బు చన్నుల శాతం మార్చి కంటే బాగా తగ్గింది. రైతులు ఇళ్లలోనే ఉండి శ్రద్ధగా పాలు పిండారు, శుభ్రత పెరిగింది, అందుకే తగ్గిందని నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు రోజులు ఆ సంతోషంలోనే ఉన్నాను.

తర్వాత పోయిన పదకొండు ఆవుల గురించి ఒక పెద్దాయనను అడిగాను. టీకొట్లు, హోటళ్లు మూతపడి పాలు కొనేవారు తగ్గారు, దాణాకు డబ్బు లేదు, అందుకని అమ్మేశామన్నాడు. ఏ ఆవును అమ్మారంటే, “ఇంకేది? చన్ను చెడినదాన్నే. పాలిచ్చేదాన్ని ఎవరు అమ్ముకుంటారు నాయనా?” అన్నాడు. ఆ రాత్రి పాత కాగితాలు తీశాను. పోయిన పదకొండులో ఎనిమిదింటికి మార్చిలోనే కనీసం ఒక చన్ను పాలు పరీక్షలో చిక్కబడ్డాయి. జబ్బు తగ్గలేదు. జబ్బున్న ఆవులు నా జాబితాలోంచి వెళ్లిపోయాయి, అంతే.

అందుకే మీరు మొదట చూడవలసింది ఖాళీకి ముందున్న పశువుల్లో ఎన్ని ఖాళీ తర్వాత మళ్లీ కనిపిస్తున్నాయన్నది. మిగిలినవాటికీ పోయినవాటికీ, ఖాళీకి ముందు తీసిన విలువలను పక్కపక్కన పెట్టి పోల్చండి. రెండూ దగ్గరగా ఉంటే మిక్స్‌డ్ మోడల్‌తో (ఒకే పశువు నుంచి పదేపదే తీసిన కొలతలను, మధ్యలో కొన్ని లేకపోయినా, విశ్లేషించే గణాంక పద్ధతి) ముందుకు వెళ్లవచ్చు. తేడా ఉంటే ముందూ వెనకా పోల్చి “తగ్గింది”, “పెరిగింది” అని ఒక్క వాక్యం కూడా రాయకండి. సగటులు వేసి ఖాళీ గడులు నింపమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. పాలు తీయని రోజుకు అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

ఫ్రీజర్‌లోనూ కంటైనర్లలోనూ ఉన్న పాత నమూనాలను వాడబోతున్నట్లయితే అదే ప్రశ్న వాటి గురించీ అడగాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆసుపత్రులకు ఆక్సిజన్ చేరవేయడానికి నత్రజని, ఆర్గాన్ ట్యాంకర్లను ఆక్సిజన్‌కు మార్చారు. మార్చవలసిందే, మనుషుల ప్రాణాలు పోతున్నాయి. మాకు మాత్రం కంటైనర్లలో నమూనాలను గడ్డకట్టించి ఉంచే ద్రవ నత్రజని రావడం ఆలస్యమైంది. రోజూ కంటైనర్‌లో చెక్క స్కేలు ముంచి తీసి, దానిమీద మంచు ఎంత ఎత్తున పడిందో చూసేవాళ్లం. ఒక ఉదయం మంచు నాలుగు వేళ్ల మందమే ఉంది. రెండు కంటైనర్లలోని సరుకును ఒకదాంట్లోకి సర్దక తప్పలేదు. ఎవరి వీర్యపు స్ట్రాలు, ఎవరి కణాలు ఉంచాలో ఆ గదిలో ఉన్న ముగ్గురం తేల్చాం. మా సీనియర్ అక్క తన మూడేళ్ల సేకరణలో సగం తానే తీసి పక్కన పెట్టింది. కాబట్టి ఫ్రీజర్‌లో ఈనాడు మిగిలినది ఎవరో ఎంచి మిగిల్చినది. ఆ ఎంపిక ఎలా జరిగిందో అప్పటివారు ఇంకా అందుబాటులో ఉండగానే అడిగి రాసుకోండి.

ఒక మాట మాత్రం మనసులో ఉంచుకోండి. ఆ రోజుల్లో పశువైద్య పరిశోధన పడుకుందని అనేవారున్నారు, అది నిజం కాదు. 2021 మేలో హైదరాబాదు జూలో 8 ఆసియా సింహాలకు కొవిడ్ సోకిందని తేల్చింది అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. మా పక్కనే వండలూరు జూలో జూన్ 3న నీల అనే ఆడసింహం చనిపోయినప్పుడు, అక్కడి సింహాల నమూనాల్లో వైరస్ ఉందని నిర్ధారించింది భోపాల్‌లోని పశువ్యాధుల ప్రయోగశాల. అలాంటి ప్రయోగశాలల్లో కొన్ని మనుషుల నమూనాలనూ పరీక్షించాయి.

పరీక్షకుల గురించి మీ భయానికి నా అనుభవమే జవాబు. నేను “పరిమితులు” అన్న శీర్షిక కింద చివర్లో దాచకుండా, రెండో అధ్యాయం మొదట్లోనే తేదీలు, పోయిన విడతలు, పోయిన ఆవులు, అవి పోయిన కారణాలు ఒక పట్టికగా పెట్టాను. మౌఖిక పరీక్షలో దాదాపు ఇరవై నిమిషాలు ఆ పట్టిక మీదే ప్రశ్నలు అడిగారు. దేనికీ తడబడలేదు, ఎందుకంటే అందులో ఊహించి రాసింది ఏదీ లేదు.

మీ పశువులు ఏవి, ఖాళీకి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని, అమ్మినవీ చనిపోయినవీ విడిగా నమోదయ్యాయా, ఇవి రాయండి. పట్టిక ఎలా వేయాలో చెబుతాను.