సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌తోనే ఎందుకు ఆగుతుంది?

అమ్మా, దేవరకొండ దగ్గర పదో తరగతి చదువుతున్నానని రాసి, మూడు ప్రశ్నలు కలిపి అడిగావు. సోడియం ఒక్క ఎలక్ట్రాన్‌నే ఇచ్చి రెండోదాన్ని ఎందుకు ఇవ్వదు? ఏది అయానిక బంధమో (ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకునేది), ఏది సమయోజనీయ బంధమో (ఎలక్ట్రాన్లు పంచుకునేది) బట్టీ పట్టకుండా ఎలా చెప్పాలి? మూడో కర్పరంలో, అంటే కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లు ఉండే మూడో పొరలో, ఇంకా చోటు ఉండగానే పొటాషియం ఎలక్ట్రాన్ నాలుగో కర్పరంలోకి ఎందుకు పోతుంది? నేను నల్లగొండ జిల్లా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏళ్లకు పైగా ఈ పాఠం చెబుతున్నాను. మొదటి ప్రశ్న సరిగా పట్టుబడితే మిగతా రెండూ చాలావరకు విడిపోతాయి కాబట్టి దాని దగ్గరే ఎక్కువసేపు ఉంటాను.

"అష్టకం కోసం, అంటే బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్ల కోసం ఇస్తుంది" అని రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి. కానీ పరమాణువుకు కోరికలేమీ లేవు. సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇష్టపడి దానం చేయదు, మనం శక్తి పెట్టి లాగాలి. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగడానికి 496 కిలోజౌళ్లు కావాలి. రెండోదాన్ని లాగాలంటే 4562 కిలోజౌళ్లు, అంటే తొమ్మిది రెట్లకు పైనే. మొదటి ఎలక్ట్రాన్ మూడో కర్పరంలో ఒంటరిగా ఉంటుంది. దానికీ కేంద్రకానికీ మధ్య పది ఎలక్ట్రాన్లు అడ్డుగా ఉంటాయి. రెండోది కేంద్రకానికి దగ్గరగా ఉన్న రెండో కర్పరంలోది, దానికి లోపల అడ్డుగా ఉన్నవి రెండే. 2, 8, 1 అని కర్పరాల వారీగా మనం రాసే విన్యాసానికి 496, 4562 అనే ఆ రెండు అంకెలే సాక్ష్యం. మెగ్నీషియం విన్యాసం 2, 8, 2 కదా, అక్కడ అయనీకరణ శక్తులు, అంటే ఒక్కో ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావాల్సిన శక్తులు, 738, 1451, ఆ తర్వాత ఒక్కసారిగా 7733. ఎన్నో ఎలక్ట్రాన్ దగ్గర అంకె ఎగిరి పడుతుందో చూడు, వేలెన్సీ, అంటే బంధంలో ఎన్ని ఎలక్ట్రాన్లు పాల్గొంటాయో, అక్కడే తేలిపోతుంది.

మరి ఆ 496 ఎక్కడి నుంచి వస్తుంది? సోడియం ఫ్లోరైడ్ తీసుకుని, విడి పరమాణువుల నుంచి లెక్క మొదలుపెడదాం. ఫ్లోరిన్ ఒక ఎలక్ట్రాన్‌ను చేర్చుకున్నప్పుడు 328 కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఇంకా 168 లోటు ఉంది. అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఒక్కటే అయితే అది నష్టపు బేరం. కానీ ధనావేశమున్న సోడియం, ఋణావేశమున్న ఫ్లోరైడ్ దగ్గరికి చేరి స్ఫటికంగా కట్టుకున్నప్పుడు 900 కిలోజౌళ్లకు పైగా శక్తి బయటికి వస్తుంది. లోటు తీరిపోయి చాలా మిగులుతుంది. ఆ మిగులే అయానిక బంధం. రెండో ఎలక్ట్రాన్ కూడా లాగితే ఏ స్ఫటికమూ ఆ 4562ను పూడ్చలేదు, అందుకే సోడియం ఒక్కదానితో ఆగుతుంది.

తరగతిలో దీన్ని చింతగింజలతో చేయిస్తాను. వరండాలో సుద్దముక్కతో మూడు వలయాలు గీసి, నడుమ కేంద్రకంగా ఒక రాయి పెట్టి, దాని మీద ప్రోటాన్ల సంఖ్య 11 అని రాయాలి. గింజలు రెండు, ఎనిమిది, ఒకటి. ఒకసారి ఒక అమ్మాయి బయటి గింజ తీసి చేతిలో పట్టుకుని, వలయాల వైపు చూస్తూ, "సార్, పది గింజలే ఉన్నాయి కదా, ఇప్పుడిది నియాన్ అయినట్టేనా?" అని అడిగింది. రాయి మీద ఏముందో చదవమన్నాను. పదకొండు. విన్యాసం నియాన్‌ది, కేంద్రకం సోడియంది. నియాన్ చర్య జరపని జడవాయువు, సోడియం అయాన్ (ఎలక్ట్రాన్ పోయి ధనావేశం వచ్చిన సోడియం) మనం అన్నంలో కలుపుకుని తినే ఉప్పులో ఉంటుంది. గింజలను లెక్కపెట్టేటప్పుడు రాయిని కూడా చూడాలని ఆ అమ్మాయి ప్రశ్న వల్లనే నేను ప్రతి ఏడాదీ గట్టిగా చెబుతున్నాను.

మన జిల్లాలో ఈ సంగతి పుస్తకంలో ఆగేది కాదు. నేను పుట్టింది మర్రిగూడ వైపు. మా తాత మెడ తిప్పలేకపోయేవాడు, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మొత్తం మనిషే తిరిగి చూడాల్సి వచ్చేది. బోరు నీళ్లలో ఫ్లోరిన్ ఉందని ఊళ్లో అనేవారు. చిన్నప్పుడు నేను దాన్ని ఏదో విషవాయువు అనుకున్నాను. ఫ్లోరిన్ వాయువు నీళ్లలో నిలవనే నిలవదు, నీటితోనే చర్య జరుపుతుంది. ఆ నీళ్లలో ఉన్నది రాతి ఖనిజాల నుంచి కరిగి వచ్చిన ఫ్లోరైడ్ అయాన్. ఫ్లోరిన్ విన్యాసం 2, 7 అయితే ఫ్లోరైడ్‌ది 2, 8. తేడా ఒక్క ఎలక్ట్రాన్.

ఇక ఎముక సంగతి. ఎముకలోనూ పంటిలోనూ ఉండే ముఖ్య ఖనిజంలో కాల్షియం, ఫాస్ఫేట్‌లతో పాటు హైడ్రాక్సైడ్ అయాన్ ఉంటుంది. దాని ఎలక్ట్రాన్లు లెక్కపెట్టు. ఆక్సిజన్‌వి 8, హైడ్రోజన్‌ది 1, అదనంగా వచ్చినది 1, మొత్తం 10. ఫ్లోరైడ్‌లో 9కి 1 కలిపితే అదీ 10. ఆవేశం రెండింటికీ ఒకటే, పరిమాణంలోనూ దాదాపు సమానం. అందుకే హైడ్రాక్సైడ్ కూర్చునే చోట ఫ్లోరైడ్ సులువుగా కూర్చుంటుంది. కొద్దిగా చేరితే పంటిపై పొర గట్టిపడుతుంది, టూత్‌పేస్టులో వేసేది అందుకే. ఏళ్ల తరబడి ఎక్కువగా చేరితే పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి, ఎముకలు బిగుసుకుంటాయి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇది తెలిసిన రోజున నాకు మా తాత మెడ గుర్తొచ్చింది. ఈ పాఠాన్ని తేలికగా చెప్పి వదిలేయడం ఆ తర్వాత నా వల్ల కాలేదు.

రెండో ప్రశ్నకు కూడా ఫ్లోరైడే ఉదాహరణ. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ నీటిలోని ఫ్లోరైడ్ తీసేయడానికి రూపొందించిన, మన జిల్లా పేరే పెట్టిన "నల్లగొండ పద్ధతి"లో నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. మా పిల్లలకు బకెట్‌లో చేసి చూపించాను. కాసేపటికి దూదిపింజల్లాంటి తెల్లటి తునకలు ఏర్పడి మెల్లగా అడుగుకు దిగుతాయి. అది అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్‌ను పట్టుకుని దిగుతుంది. అల్యూమినియం, ఫ్లోరైడ్‌ల పట్టు అంత గట్టిది. ఇప్పుడు ఋణవిద్యుదాత్మకతలు, అంటే బంధంలో ఎలక్ట్రాన్లను తన వైపు లాక్కునే బలాలు, చూడు. అల్యూమినియం 1.61, ఫ్లోరిన్ 3.98, తేడా 2.37. అల్యూమినియం ఫ్లోరైడ్ అయానిక పదార్థం, వెయ్యి డిగ్రీలు దాటినా ఘనంగానే ఉంటుంది. అదే అల్యూమినియం క్లోరిన్‌తో కలిస్తే తేడా 1.55. ఆ క్లోరైడ్ దాదాపు 180 డిగ్రీలకే ఆవిరై పోతుంది, దాని స్వభావం ఎక్కువగా సమయోజనీయం. లోహం, అలోహం కలిస్తే అయానికమే అని బట్టీ పడితే ఇక్కడ దెబ్బతింటావు.

తేడా 1.7 దాటితే అయానికం అన్న గీతను కూడా గుడ్డిగా నమ్మవద్దు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో తేడా 1.78, అయినా అది సుమారు 20 డిగ్రీలకే మరిగే సమయోజనీయ పదార్థం. హైడ్రోజన్ తన ఒక్క ఎలక్ట్రాన్‌ను పూర్తిగా వదిలేస్తే మిగిలేది ఉత్త ప్రోటాన్. అంత చిన్న ధనావేశం పక్కనున్న ఎలక్ట్రాన్ మేఘాన్ని తన వైపు లాగకుండా ఉండదు, అప్పుడు అది పంచుకోవడమే అవుతుంది.

మూడోది, పొటాషియం సంగతి, క్లుప్తంగా చెబుతాను. కర్పరాల్లో ఎస్, పి, డి అనే ఉపకర్పరాలు ఉంటాయి. 4ఎస్ అంటే నాలుగో కర్పరంలోని ఎస్, 3డి అంటే మూడో కర్పరంలోని డి. కర్పరం సంఖ్యకు ఎస్ అయితే 0, డి అయితే 2 కలపాలి. 4ఎస్‌కు 4+0=4, 3డి‌కి 3+2=5. తక్కువ మొత్తం ఉన్నది ముందు నిండుతుంది. కారణం ఏమిటంటే, 4ఎస్ ఎలక్ట్రాన్ అప్పుడప్పుడు కేంద్రకానికి బాగా దగ్గరగా చొచ్చుకుపోతుంది, 3డి అంతగా పోలేదు. అయితే ఇనుము అయాన్‌గా మారేటప్పుడు ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. పరీక్షలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

ఇంకొక్క మాట. జడవాయువులు చర్య జరపవని పుస్తకాలన్నీ చెబుతున్న రోజుల్లో, 1962లో నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్త అయనీకరణ శక్తులను పక్కపక్కన పెట్టి చూశాడు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగగలదని ఆయనకు అప్పటికే తెలుసు. జడవాయువైన జినాన్ అయనీకరణ శక్తి దాదాపు ఆక్సిజన్ అణువుదంతే. దాంతో జినాన్‌నూ ప్లాటినం హెక్సాఫ్లోరైడ్‌నూ కలిపాడు, జినాన్ చర్య జరిపింది. అక్కడా లాగింది ఫ్లోరిన్ బలమే.

ఇప్పుడు నువ్వు కాల్షియం, ఫ్లోరిన్‌లకు చుక్కల బొమ్మలు (బయటి ఎలక్ట్రాన్లను చుక్కలుగా చూపే బొమ్మలు) గీయి. కాల్షియం మొదటి అయనీకరణ శక్తి 590, రెండోది 1145, మూడోది 4912 కిలోజౌళ్లు. కాల్షియం ఎన్ని ఎలక్ట్రాన్ల దగ్గర ఆగుతుందో, ఎన్ని ఫ్లోరిన్లు కావాలో తేల్చి, బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చాయో కూడా లెక్కపెట్టి ఇక్కడే రాయి. చూసి చెబుతాను.