ఇద్దరు మానేశాక కొత్త ప్రొడక్ట్ పని కదలట్లేదు, లోపం నాదేనా?

టీమ్‌లో ఇద్దరు మానేశారని, వాళ్ల చోట ఎవరినీ తీసుకోలేదని, కొత్త ప్రొడక్ట్ పని మీ చేతిలోనే ఆగిపోయిందని రాశారు. లోపం మీది కాదండీ. నాలుగేళ్లు ఇదే అనుభవించాను.

సెన్సర్ల కంపెనీలో మేం ఐదుగురం. కొత్త డిజైన్ పని నాది. ఇద్దరు వెళ్లిపోయాక కస్టమర్ కంప్లైంట్లు కూడా నాకే అప్పగించారు. "రోజుకి గంట పనే కదా" అన్నారు. నిజమే, గంటే. కానీ అది ఒక్కసారిగా వచ్చేది కాదు. పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పావుగంట, ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకరోజు సెన్సర్‌ని పరీక్షించే ఛాంబర్‌లో (వేడి పెంచే పెట్టెలో) వేడి పెంచుతూ 5 నిమిషాలకోసారి రీడింగ్ రాసుకుంటున్నా. పదకొండోది రాస్తుండగా ఫోన్. మాట్లాడి వచ్చేసరికి మూడు గళ్లు ఖాళీ. మళ్లీ చల్లార్చి మొదటినుంచి చేయాల్సిందే. నా నోట్‌బుక్‌లో అలాంటి సగం పేజీలు చాలా ఉన్నాయి. ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి వెళ్తే మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించారు. అది చదివాకే నా మీద నాకు కోపం తగ్గింది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం వేరే. వెళ్లిపోయినవాళ్లలో ఒకాయన నా సగం సగం ఆలోచనలన్నీ వినేవాడు. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టిగా అంటుకోని జిగురు తయారుచేస్తే, దాన్ని పుస్తకంలో గుర్తుకి పెట్టే కాగితానికి వాడొచ్చని 1974లో తోచింది అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రైకి. అదే అంటించి తీసేసే పోస్ట్-ఇట్ చీటీగా అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. ఆ రెండో మనిషి లేకపోతే ఆ జిగురు ఏమయ్యేదో! మనుషులు తగ్గినప్పుడు ముందు పోయేది ఆ రెండో మనిషే, ఏ రిపోర్టులోనూ అది కనపడదు.

నాకు పనికొచ్చింది ఒకటే. ఆరు వారాలపాటు, ప్రయోగం ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగింది, మళ్లీ మొదలెట్టడానికి ఎంతసేపు పట్టింది రాసిపెట్టాను. ఆ కాగితం చూశాక మేనేజర్ వాదించలేదు. మంగళ, గురువారాలు పొద్దునపూట నా ఫోన్ మిగతా ఇద్దరూ వంతులవారీగా ఎత్తేలా చేశారు. మనుషులనైతే ఇవ్వలేదు, కానీ టెస్టులు పూర్తవడం మొదలైంది.

మీకు మనుషుల్ని ఇస్తామన్నా, ప్రొడక్ట్ ఎప్పటికి పూర్తవుతుందని చెప్పే తేదీ విషయంలో జాగ్రత్త. కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పాల్సింది మీరే, మొదటి రెండుమూడు నెలలు మీ టైం ఇంకా తగ్గుతుంది. ఆ మాట ఇప్పుడే మెయిల్‌లో రాసి పంపండి.