పాఠకుల ప్రశ్నలు: టోపీ ఎవరి తలమీద ఉంది?

ప్రశ్న: పాత పుస్తకాల దుకాణంలో ‘లా మోద్ ఇల్యుస్త్రే’ అనే ఫ్రెంచి పత్రికలోని రంగుల బొమ్మ ఒకటి కొన్నాను. 1860ల నాటిదట. గదిలో ఇద్దరు స్త్రీలున్నారు. ఒకామె టోపీ, శాలువాతో మనకు వీపు చూపిస్తూ నిలబడింది, రెండో ఆమెకు టోపీ లేదు. పక్కనే పొట్టి గౌనుతో ఒక పాప ఉంది. ఇందులో దుస్తులు కాక చూడదగింది ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: చాలా ఉంది. ముందు టోపీ సంగతి చూడండి. ఆ రోజుల్లో పారిస్‌లో మర్యాదకు ఒకరింటికి వెళ్లిన స్త్రీ, కూర్చున్న కొద్దిసేపూ టోపీ తీసేది కాదు. కనుక టోపీ ఉన్నామె అతిథి, లేనామె ఇంటావిడ. మెడదాకా మూసిన గౌనూ పొడుగు చేతులూ ఉంటే అది పగటివేళ. భుజాలు కనిపిస్తే సాయంత్రపు విందో, నాట్యమో అనుకోవాలి. పాప గౌను పొడవును బట్టి వయసు కూడా ఊహించవచ్చు, ఎందుకంటే ఆడపిల్ల ఎదిగేకొద్దీ అంచు మోకాళ్ల దగ్గర నుంచి చీలమండల దాకా దిగుతూ వచ్చేది.

శాలువా మీద మామిడి పిందెల అల్లిక ఉందేమో గమనించండి. కాశ్మీరు నుంచి వెళ్లిన ఆ శాలువాలకు ఫ్రాన్సులో ఎంత గిరాకీ ఏర్పడిందంటే, పారిస్, లియాన్, నీమ్ నగరాల నేతగాళ్లు వాటికి నకళ్లు నేశారు. పెళ్లికొడుకు పంపే కానుకల బుట్టలో కాశ్మీరు శాలువా పేరున్న వస్తువు. పెళ్లికాని పిల్ల దాన్ని కప్పుకోవడం మర్యాద కాదనేవారు. కాబట్టి శాలువా కప్పుకున్నామె వివాహిత అని చిత్రకారిణి చెప్పకనే చెప్పింది. (చిత్రకారిణి అనడానికి కారణం ఉంది: ఆ పత్రికకు బొమ్మలు గీసినవారిలో అనాయిస్ తుదూజ్, ఎలోయిజ్ లెల్వార్ అనే అక్కచెల్లెళ్లు ఉన్నారు.) గౌను నల్లగా ఉంటే సంతాపమనీ, నలుపు పోయి బూడిద, లేత ఊదా రంగులు వస్తే సంతాపం సడలుతోందనీ సాధారణంగా గ్రహించవచ్చు.

ఒకామె వీపు మనవైపు తిప్పడంలో మాత్రం వింత అర్థమేమీ లేదు. గౌను వెనుక భాగం ఎలా కుట్టాలో దర్జీకి కనబడాలి కదా!

అయితే ఇదంతా నిజజీవితపు ఫోటో అని భ్రమపడవద్దు. అడుగున ఉన్న సన్నటి అక్షరాలను భూతద్దంతో చూడండి. ఇలాంటి బొమ్మల కింద తరచుగా ఆ గౌను కుట్టిన దుకాణం పేరు, వీధి అచ్చయి ఉంటాయి. అంటే ఇది ప్రకటన కూడా. గౌను గుండ్రంగా ఉబ్బి నిలిచేలా లోపల తొడిగే క్రినోలిన్ చట్రం ఎంత వెడల్పయినా ఈ గదుల్లో ఏ కుర్చీకీ తగలదు. అదే చట్రం తలుపుల్లో, బండ్లలో పట్టక పడే అవస్థను చూడాలంటే ‘ల షారివారి’ అనే ఫ్రెంచి హాస్యపత్రికలో చిత్రకారుడు దోమియే గీసిన వ్యంగ్యచిత్రాలను తిరగేయాలి. చాకలి స్త్రీ, కుట్టుపని చేసే స్త్రీ ఈ బొమ్మల్లోకి దాదాపు రారు. అయినా పనిచేసే స్త్రీ చేతిగుర్తు కాగితం మీద మిగిలే ఉంటుంది, ఎందుకంటే అచ్చయిన గీతలకు రంగులు పూసినవారు చాలావరకు కూలికి పనిచేసిన స్త్రీలే. మీ బొమ్మలో టోపీ రిబ్బను దగ్గర రంగు గీత దాటి బయటకు వచ్చిందేమో ఒకసారి చూడండి.