ఆగుతుందో ఆగదో చెప్పే ప్రోగ్రామ్ రాసుకొచ్చిన కుర్రాడు

"ఒక ప్రోగ్రామ్ ఆగుతుందో, ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందో ముందే చెప్పే ప్రోగ్రామ్ రాయలేమా?" అని అడిగారు. అన్ని ప్రోగ్రాములకీ తప్పు లేకుండా చెప్పేది రాయలేం. 1936లోనే ఆలన్ ట్యూరింగ్ అనే గణితవేత్త తేల్చేశాడు. కానీ ఎవరో చెప్పారని ఒప్పేసుకోకండి, మీరే ఒకటి రాసి చూడండి.

నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఈ పాఠం అయిన రెండు రోజులకి మూడో సంవత్సరం కుర్రాడొకడు ల్యాబ్ మూసే వేళకి వచ్చాడు. "కుదరదన్నారు కదా సార్, నేను రాశాను" అన్నాడు. వాడి ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ ఫైలు తీసుకుని లూపులు, అంటే మళ్లీ మళ్లీ తిరిగే భాగాలు, వెతుకుతుంది. లూపు ఎప్పుడు ఆగాలో చెప్పే కండిషన్‌లో ఉన్న వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) లూపు లోపల మారుతుంటే "ఆగుతుంది", మారకపోతే "ఆగదు" అంటుంది. అటెండర్ తాళాలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

వాడి రికార్డు చివరి పేజీలో రాశాను: సరి సంఖ్యయితే సగం చెయ్యి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలుపు, 1 వస్తే ఆగు. 27తో మొదలుపెట్టమన్నాను. 82, 41, 124, 62, 31, 94... పేజీ నిండినా 1 రాలేదు. అది 9232 దాకా ఎక్కి, 111 అడుగులకి గానీ 1కి దిగదు. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇది ఆగుతుందని ఈ రోజుకీ ఎవరూ నిరూపించలేదు. వాడి ప్రోగ్రామ్ మాత్రం "ఆగుతుంది" అనేసింది. "దానికెలా తెలిసిందిరా?" అన్నాను.

"సరే, నీ ప్రోగ్రామ్‌ని లోపల పెట్టుకుని ఇంకోటి రాద్దాం. నేను ఆగుతానా అని అది నీదాన్నే అడుగుతుంది. ఆగుతావంటే తిరుగుతూ కూర్చుంటుంది, ఆగవంటే వెంటనే ఆగిపోతుంది. నీది ఏం చెప్పాలి?" పెన్ను మూత తీస్తూ పెడుతూ చాలాసేపు ఉండిపోయాడు.

ఆగుతుందన్నా తప్పే, ఆగదన్నా తప్పే. నిరూపణంతా ఇదే. పరీక్షలో దీన్నే "అన్‌డిసైడబుల్ (ఏ ప్రోగ్రామూ అన్నిసార్లూ సరిగ్గా తేల్చలేనిది) అని నిరూపించండి" అని అడిగితే, పిల్లలు బొమ్మతో సహా బట్టీపట్టి దించేస్తారు, మార్కులు పడతాయి. ఆ బొమ్మలో జవాబుని ఎందుకు తిరగేశారో అడగండి, ఒక్కరి నోరూ పెగలదు. తప్పు పిల్లలది కాదు, ఏటేటా అదే ప్రశ్న ఇచ్చే మా టీచర్లది.

"పది నిమిషాలు చూసి, ఆగకపోతే ఆగదనేద్దాం" అనేవాళ్లూ ఉన్నారు. ట్యూరింగ్ యంత్రమంటే టేపు మీద గుర్తులు చదువుతూ రాస్తూ నడిచే ఊహా కంప్యూటర్. ఐదే స్థితులు, రెండే గుర్తులు ఉన్న బుల్లి యంత్రం ఒకటి ఖాళీ టేపు మీద మొదలై 4,71,76,870 అడుగులు నడిచి మరీ ఆగుతుంది. ఆ సైజులో ఆగేవాటిలో అంతకంటే ఎక్కువ నడిచేది లేదని 2024లో గానీ రుజువు కాలేదు. గడువు ఎంత పెడతారు?

చివరికి ఆ కుర్రాడు "సార్, తెలియదు అని మూడో జవాబు పెట్టుకోవచ్చా?" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కెర్నల్, చేసేది సరిగ్గా అదే. కెర్నల్ లోపల నడవడానికి బయటి నుంచి వచ్చే చిన్న ప్రోగ్రామ్‌ని ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ అంటారు. దాన్ని లోపలికి రానిచ్చే ముందు వెరిఫయర్ అనే తనిఖీదారు చూస్తుంది. ఆగుతుందని తనకి రుజువు కాకపోతే, నిజంగా ఆగేదైనా సరే, వెనక్కి పంపేస్తుంది.

అటెండర్ ఫ్యాన్లు కట్టేస్తుంటే వాడు నిలబడే ఆ మూడో జవాబు టైప్ చేశాడు. మర్నాడు 27 నుంచి 111 అడుగులూ చేత్తో వేసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.